గంటకు 700 మీటర్లు

మా ట్రాక్టర్ ఇప్పుడు గంటకు 700 మీటర్లు పోతుంది. కిలోమీటర్లని పొరపాటున చదవకండి, మీటర్లే. మా చేను నుంచి కోటగిరి బస్టాండుకు దీన్ని ఆ గేరులో తోలుకుపోతే, కర్ర పట్టుకుని నడిచే ముసలాయన కూడా పలకరించి మరీ దాటిపోతాడు. ఇంత మెల్లగా పోవడం కోసం మేం రెండు నెలల శని, ఆదివారాలు, ఒక సంక్రాంతి సెలవు, 23 వేల రూపాయలు పెట్టాం. "బండి ఉరకడానికి పైసలు పెడ్తరు గని, పాకడానికి పెట్టుడేందిరా?" అన్నాడు మా పెద్దబాపు. అడగాల్సిన ప్రశ్నే.

జవాబు చెరుకు మొక్కల్లో ఉంది. కోటగిరి బోధన్ పక్క మండలం. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక కాలువ నీళ్లు వచ్చాయి, 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. మా తాత తరానికి చెరుకు అంటే నెల జీతం లాంటిది. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు మా దిక్కు ఎటు చూసినా వరి, కొంత సోయా. మేం కూడా వరికే మళ్లాం. ఒక్క ఎకరం మాత్రం బాపు చెరుకుకే ఉంచాడు, బెల్లం వండించడానికి. లాభం లెక్క అడిగితే మాట మార్చేస్తాడు.

ఆ ఎకరాన్ని ఈసారి నారుతో వెయ్యాలనుకున్నాం. 2009లో ఇక్రిశాట్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కలిసి ప్రచారం చేసిన పద్ధతి అది. మూడు కళ్ల ముచ్చెలు సాళ్లలో పరిచే బదులు, ఒంటి కన్ను తీసి ట్రేల్లో కొబ్బరి పొట్టులో మొలిపించి, 25 నుంచి 35 రోజుల మొక్కను తెచ్చి నాటడం. సాలుకు సాలుకు ఐదడుగులు, మొక్కకు మొక్కకు రెండడుగులు. విత్తనపు చెరుకు చాలా మిగులుతుంది, మధ్యలో చిన్న ట్రాక్టర్ తిరగడానికి చోటూ ఉంటుంది. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు, ఒక్కో మొక్కకు పది చదరపు అడుగులు. అంటే 4,356 మొక్కలు. ముచ్చెలతో పోలిస్తే చాలా తక్కువే. కానీ నాటేవాళ్ల వైపు నుంచి చూస్తే, 4,356 సార్లు నడుం వంచడం.

అమ్మ మోకాళ్లు అరిగాయి. కింద కూర్చోవద్దు, వంగి పని చెయ్యొద్దు అని డాక్టర్ చెప్పాడు. కూలీలను పెడదాం, నువ్వు ఇంట్లో ఉండు అంటే అమ్మ వినే రకం కాదు. "కూలోల్లకు ఇడ్సిపెడితే మొక్క ఎంత లోతున వడ్డదో ఎవలు జూస్తరు? కొనలు భూమిల గలిస్తే నువ్వొచ్చి పీకి పెడ్తవా హైదరాబాద్ కెళ్లి?" అంది. పోయినేడు కూడా ఇలాగే అని, నాట్లు అయిన మూడు రోజులకు మంచం దిగలేదు.

కూర్చుని నాటే బండ్లున్నాయి. కూరగాయల నారు కోసం బయట దేశాల్లో ఎప్పటి నుంచో వాడుతున్నారు, యూట్యూబ్‌లో గంటల కొద్దీ వీడియోలు. ముందు చిన్న నాగలి సాలు తీస్తుంది, వెనక తక్కువ ఎత్తులో సీటు మీద కూర్చున్న మనిషి చేతికి అందే ట్రేలోంచి మొక్క తీసి సాల్లో నిలబెడతాడు, వెనక రెండు ఏటవాలు చక్రాలు మట్టి కప్పేస్తాయి. ఇలాంటిది మేమే చేయించుకోవచ్చు, పెద్ద కష్టం లేదు. చిక్కల్లా దాన్ని లాగే ట్రాక్టర్‌తోనే.

మా ట్రాక్టర్ 18 హార్స్‌పవర్ చిన్నది, టూ వీల్ డ్రైవ్. నాకన్నా ఐదేళ్లు పెద్దది. బాపు చెరుకు సాళ్ల మధ్య గుంటక లాగడానికని పాతదే కొన్నాడు. చెరుకు పోయాక దానికి పనీ పోయింది. వరికి పెద్ద ట్రాక్టర్లు కిరాయికి వస్తాయి. ఇది చింతచెట్టు కింద కోళ్లకు నీడనిస్తూ ఉండేది. ఒకతను ఇనుము ధరకు అడిగి కూడా పోయాడు. బాపు అమ్మనూ లేదు, అమ్మనని చెప్పనూ లేదు.

బేరం తేలేలోపు దాని వేగం చూద్దామని చేన్లో టేపు పట్టి 20 మీటర్లు కొలిచి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. ఇంజిన్ 1,500 ఆర్‌పీఎం దగ్గర, ఫస్ట్ గేరులో 36 సెకన్లు. గంటకు 2 కిలోమీటర్లు. నడిచే మనిషి కంటే మెల్లగానే కదా అనిపిస్తుంది. కానీ రెండడుగులకు ఒక మొక్క అంటే ప్రతి సెకనుకీ ఒకటి పడాలి. ట్రే నుంచి వేర్లు తెగకుండా తీసి, నిటారుగా పెట్టి, మళ్లీ చెయ్యి చాపాలంటే సెకను చాలదు. ఇంట్లో మంచం మీద కూర్చుని గ్లాసులతో ప్రాక్టీస్ చేసి చూశాం (అవును, నిజంగానే). అమ్మకు తాపీగా మూడు సెకన్లు కావాలి. అంటే గంటకు 700 మీటర్లు.

ఎక్సలేటర్ తగ్గిస్తే పోదా అంటారా? కనీస వేగానికి దింపినా కిలోమీటరు పైనే పోతుంది. పైగా ఆ ఆర్‌పీఎంలో ప్రతి మట్టిగడ్డకూ డీజిల్ ఇంజిన్ వణుకుతుంది, ఒక మొక్క ఇక్కడ పడితే ఇంకోటి ఎక్కడో పడుతుంది. హాఫ్ క్లచ్ మీద నడిపితే మధ్యాహ్నానికి క్లచ్ ప్లేటు కాలిన వాసనతో ఇంటికి రావాలి. చిన్న టైర్లు వేస్తే ఏదో కొంత తగ్గుతుంది, మూడో వంతుకు మాత్రం రాదు. మిగిలింది క్రీపర్ గేరు. క్రీప్ అంటే పాకడం. పెద్దబాపు తెలియకుండానే సరైన మాట వాడాడు.

బీటెక్‌లో మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలినవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు, నేనూ ఆ బ్యాచే. ఖుర్మీ పుస్తకంలో ఎపిసైక్లిక్ గేర్ ట్రెయిన్ లెక్క గుర్తుందా? టేబుల్ గీసి, ప్లస్ ఎక్స్, ప్లస్ వై అని నింపి, పరీక్ష హాల్లోంచి బయటికి రాగానే మర్చిపోయేది. మధ్యలో చిన్న పళ్ల చక్రం, దాన్ని సూర్యుడంటారు. చుట్టూ మూడు గ్రహాలు, వాటిని పట్టుకునే క్యారియర్. అన్నింటికీ బయట లోపలి వైపు పళ్లున్న రింగు. రింగును కదలకుండా బిగించి సూర్యుణ్ణి తిప్పితే, క్యారియర్ చాలా మెల్లగా తిరుగుతుంది. ఎంత మెల్లగా అంటే, రింగు పళ్లను సూర్యుడి పళ్లతో భాగించి ఒకటి కలపాలి. బోధన్‌లో పాత ఇనుప సామాన్ల దుకాణంలో, ఏదో పెద్ద ట్రాక్టర్ గేర్‌బాక్స్ పొట్టలోంచి తీసిన సెట్టు దొరికింది. పళ్లు లెక్కపెట్టాను: సూర్యుడికి 18, రింగుకు 54. మూడు ప్లస్ ఒకటి, నాలుగు. గేరు వేస్తే వేగం నాలుగో వంతు అవుతుంది. ఇంజిన్‌ను 1,500 నుంచి 2,100కి పెంచితే సరిగ్గా గంటకు 700 మీటర్లు. ఆ దుకాణంలో కూర్చుని ఫోన్ కాల్కులేటర్‌లో ఆ అంకె చూసినప్పుడు కలిగిన ఆనందం నాకు ఏ అప్రైజల్‌లోనూ కలగలేదు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1940లు, 50లలో అమెరికాలో ఫోర్డ్ 8ఎన్ అనే చిన్న ట్రాక్టర్‌కు షెర్మన్ అనే కంపెనీ విడిగా గేరు పెట్టెలు అమ్మేది. ఉన్న గేర్‌బాక్స్ ముందు ఇంకో చిన్న గేర్‌బాక్స్ అన్నమాట. రైతులు అది పెట్టించుకుని మరికొన్ని వేగాలు సంపాదించుకునేవాళ్లు. మేం చేసింది దాని బోధన్ వెర్షన్.

బోధన్‌లో లేత్ మిషన్ నడిపే చాచా దగ్గరికి సెట్టు పట్టుకుపోయాం. చెరుకు రోజుల నుంచీ గానుగల గేర్లు, బండ్ల ఇరుసులు చూసిన చెయ్యి ఆయనది. నేను ల్యాప్‌టాప్‌లో డ్రాయింగ్ చూపించాను. ఆయన సున్నపు ముక్కతో నేల మీద అదే గీసి, నేను వదిలేసిన ఆయిల్ సీలుకు చోటు కూడా గీశాడు. తర్వాత అడిగాడు: "నాలుగు రెట్లు స్లో అంటే నాలుగు రెట్లు తాకత్. ఏదన్న అడ్డం వస్తే ఏది ఇరుగుతది బేటా?"

ఈ ప్రశ్నే మిగతా పనంతటికీ అసలు పని. ఎందుకో చెప్తాను, కొంచెం లెక్క ఉంటుంది, ఓపిక పట్టండి.

మెలిపెట్టే బలాన్ని ఇలా ఊహించుకోండి: ఇరుసుకు ఒక మీటరు రాడ్డు బిగించి, దాని చివర బరువు వేలాడదీయడం. మా ఇంజిన్ ఇవ్వగలిగింది రాడ్డు చివర సుమారు 5 కిలోలు. గేర్లన్నీ దాటి వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి, పాత ఫస్ట్ గేరులో అది 500 కిలోలు దాటుతుంది. క్రీపర్ పెడితే 2,000 దాకా పోతుంది. ఇప్పుడు రెండో వైపు చూద్దాం. రైస్ మిల్లు కాటా మీద ట్రాక్టర్ తూకం వేయించాం. మొత్తం 810 కిలోలు, అందులో ముందు చక్రాల మీద 290. ఈ బరువుకు దున్నిన నేలలో వెనక చక్రాలు 110 కిలోల దగ్గర జారడం మొదలెడతాయి. జారితే మంచిదే, ఏదీ విరగదు. జారకుండా పట్టుకుపోతే? వెనక లాగేది వేరుకో రాయికో తట్టుకుని, కింద గట్టి నేల ఉంటే? ఇంజిన్ తిప్పుతూనే ఉంటుంది, చక్రం తిరగదు, అప్పుడు ట్రాక్టరే చక్రం చుట్టూ తిరగాలని చూస్తుంది. ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. మా బండికి అది 400 కిలోల దగ్గర జరుగుతుంది. ట్రాక్టర్ వెనక్కి తిరగబడిందని పేపర్లో అప్పుడప్పుడు చదివే వార్తలకు ఒక కారణం ఇదే.

500 అయినా 400 కంటే ఎక్కువే కదా, పాత గేరులోనూ లేవచ్చు కదా అని మీరు అడగాలి. లేవచ్చు. కాకపోతే అక్కడ ఇంజిన్ తన బలంలో ముప్పావు వంతు పెట్టాలి. గుర్రుమంటుంది, నల్ల పొగ తన్నుతుంది, డ్రైవర్ కాలు దానంతటదే క్లచ్ మీదికి పోతుంది. క్రీపర్‌లో అదే 400 ఇంజిన్ బలంలో ఐదో వంతు. అది గుర్తే పట్టదు. పాట మారదు, పొగ మారదు. ముక్కు లేస్తున్నప్పుడు కూడా అదే టకటక. పాతికేళ్లుగా బాపు ఈ ట్రాక్టర్‌ను చెవితో నడుపుతున్నాడు. మేం పెట్టబోయే గేరు ఆ చెవికి ఏమీ వినపడనివ్వదు. ఆ సమయంలో అమ్మ వెనక సీటు మీద, రెండు గజాల దూరంలో కూర్చుని ఉంటుంది.

ఆ రాత్రి నిజం చెప్పాలంటే ఈ పనంతా మానేద్దామనుకున్నాను. "నలుగురు కూలోల్లను ఎక్వ పెట్టుకుందాం" అన్నాను. బాపు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అది మోటార్ కాడ ఫ్యూజు లెక్కన గాదా?" అన్నాడు. బోరు మోటారు పెట్టెలో సన్న తీగ ఉంటుంది కదా. మోటారు కాలకుండా తీగ కాలిపోతుంది. పది పైసల తీగ.

పొద్దున చాచాకు ఫోన్ చేస్తే, ఆయన కూడా అదే ఆలోచనలో ఉన్నాడు. ఎపిసైక్లిక్‌లో రింగు కదలకుండా ఉంటేనే బలం వెనక్కి పోతుంది. రింగు తిరిగిపోతే సూర్యుడు తన మానాన తాను తిరుగుతాడు, బండి నిలబడిపోతుంది. అలాంటప్పుడు రింగును పెట్టెకు బోల్టులతో బిగించకుండా, ఒకే ఒక బలహీనమైన పిన్నుతో ఆపితే? అడ్డం వచ్చినప్పుడు పిన్ను తెగుతుంది, రింగు తిరుగుతుంది, అంతే.

పిన్ను ఎంత బలహీనంగా ఉండాలి? చక్రం దగ్గర 110, 400 అనేవి రింగు దగ్గర చాలా చిన్న అంకెలవుతాయి. మధ్యలో 119 రెట్లు గేర్లున్నాయి కదా. మీటరు రాడ్డు లెక్కలోనే చెప్పాలంటే, మామూలు పనికి రింగు మీద పడేది కిలో లోపు. ముక్కు లేవడానికి రెండున్నర కిలోలు. కాబట్టి పిన్ను కిలోకు నిలవాలి, రెండు కిలోలకు తెగాలి. ఇనుప మేకు ఎంత సన్నదైనా పనికిరాలేదు, మరీ గట్టిది. చాచా టిఫిన్ బాక్సుల పిడికి వాడే 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రివిట్లు తెచ్చాడు. రింగును వైస్‌లో పెట్టి, దానికి మీటరు రాడ్డు బిగించి, రాడ్డు బరువు పోను లెక్క చూసుకుని, కిరాణా తూకం రాళ్లు ఒక్కొక్కటీ వేలాడదీశాం. కిలోకు నిలబడింది. కిలోంబావుకు నిలబడింది. కిలోన్నర వేసి చాయ్ తాగే లోపు టప్పుమంది. ఒకే డబ్బాలోంచి పన్నెండు రివిట్లు తెంపాం. అన్నీ కిలోంబావుకూ కిలో ముప్పావుకూ మధ్యే తెగాయి. మా ఆఫీసులో టెస్టింగ్ ఇంత శ్రద్ధగా ఎవరూ చెయ్యరు, నాతో సహా. ఆ మాట మేనేజర్ చదవకపోతే బాగుండు.

మిగతాది చేతి పని, చాలావరకు చాచాదీ ఆయన కొడుకుదీ. ట్రాక్టర్‌ను నడుం దగ్గర రెండు ముక్కలు చెయ్యాలి. ఇంజిన్, క్లచ్ ఒక వైపు, గేర్‌బాక్స్, వెనక చక్రాలు ఒక వైపు. చైన్ కప్పీతో పైకి లాగి, కింద దుంగలు పెట్టి, బోల్టులు విప్పి మెల్లగా విడదీస్తే, ముప్పై ఏళ్ల నూనె మడ్డి మధ్య క్లచ్ షాఫ్టు మెరుస్తూ కనపడింది. ఆ మధ్యలో 95 మిల్లీమీటర్ల మందం పెట్టె కూర్చోవాలి. మందపాటి ప్లేటు గ్యాస్‌తో కోసి లేత్ మీద తిప్పారు. క్లచ్ షాఫ్టు గాళ్లకు సరిపోయే ఆడ భాగం ఎక్కడ దొరుకుతుందా అని నేను ఆన్‌లైన్‌లో వెతుకుతుంటే, చాచా పాత క్లచ్ ప్లేటు ఒకటి తీసి దాని మధ్య బుష్ కోసేశాడు. అదే షాఫ్టుకు పుట్టింది కాబట్టి అచ్చంగా కూర్చుంది.

రెండు ముక్కల మధ్య ఇంత వస్తువు పెడితే అన్నింటికీ పొడవు తగ్గిపోతుంది. క్లచ్ రాడ్డు, ఎక్సలేటర్ రాడ్డు, స్టీరింగ్ రాడ్డు, వైర్లు, చివరికి బానెట్టు కూడా. స్టీరింగ్ రాడ్డును అతుకు పెట్టి వెల్డింగ్ చెయ్యనివ్వలేదు చాచా, కొత్తదే చేశాడు. పెట్టెకు రెండు వైపులా ఆయిల్ సీళ్లు, లోపల 90 నంబరు ఆయిల్. సీలు కారితే ఆయిల్ క్లచ్ మీద పడి అదో తలనొప్పి. అన్నింటికంటే ఎక్కువ టైం తిన్నది మధ్య గీత కలపడం. రెండు షాఫ్టులూ ఒకే గీతలో ఉండాలి, వెంట్రుక తేడా వచ్చినా బేరింగులు నిలవవు. డయల్ గేజ్ పెట్టి, తిప్పి, సన్న రేకు ముక్క పెట్టి, మళ్లీ తిప్పి, ఒక ఆదివారం మొత్తం దానికే పోయింది. రింగుకు చుట్టూ ఆరు రంధ్రాలు పెట్టాం. ఒక పిన్ను తెగితే బయట నుంచి బోల్టు విప్పి, రింగును కొంచెం తిప్పి, పక్క రంధ్రంలో ఇంకోటి దోపడమే. ఒక చిన్న లివర్ ఉంది. ఇటు వేస్తే షాఫ్టు నేరుగా సూర్యుడితో కలుస్తుంది, పాత వేగాలన్నీ పాతవిగానే ఉంటాయి. అటు వేస్తే క్యారియర్‌తో కలుస్తుంది, పాకడం మొదలు. బండి ఆపకుండా మార్చకూడదు.

నాటే బండిని ట్రాక్టర్ వెనక లిఫ్టు చేతుల మీద మొయ్యనివ్వకుండా సొంత చక్రాలు పెట్టాం, కింది కొక్కేనికే కట్టాం. ఇద్దరు మనుషుల బరువు వెనక వేలాడితే ముందు భాగం ఇంకా తేలిపోతుంది. ముందు బంపర్‌కు 20 కిలోల పాత తూకం రాళ్లు నాలుగు కట్టాం. ఇంకో నియమం బాపు పెట్టాడు, ఇది లెక్కల్లోంచి వచ్చింది కాదు: బండి కదులుతుండగా ఎవరూ దిగొద్దు. ఇంత మెల్లగా పోతుంటే సీటు దిగి, వెనక్కి నడిచి, సాలు ఎట్లా పడుతుందో చూసి మళ్లీ ఎక్కాలని ఎవరికైనా అనిపిస్తుంది. నాకు మొదటి పది నిమిషాల్లోనే అనిపించింది. కానీ మెల్లగా వచ్చే చక్రం కింద కాలు పడితే అది కూడా మెల్లగానే ఎక్కుతుంది, ఆగదు.

సంక్రాంతి తర్వాత ఖాళీ చేన్లో 20 మీటర్లు మళ్లీ కొలిచాం. 103 సెకన్లు. పిల్లలు పక్కన నడుస్తూ, విసుగొచ్చి వెళ్లిపోయారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నాటాం. అమ్మ ఒక సీటు మీద, మా చిన్నమ్మ ఇంకో సీటు మీద. ఒకరి తర్వాత ఒకరు మొక్క పెడతారు కాబట్టి ఒక్కొక్కరికి ఆరు సెకన్లు దొరికాయి. మొదటి సాలు చివరికి ఇద్దరూ చేతులు చూసుకోకుండా పెళ్లి సంబంధాల గురించి మాట్లాడుకుంటున్నారు. (నావే. సీటు మీద నుంచి లేచే వీల్లేదు, నేను ట్రేలు అందిస్తూ పక్కనే నడవాలి, తప్పించుకునే దారి లేదు.) ఎకరానికి సాళ్ల పొడవంతా కలిపితే రెండున్నర కిలోమీటర్ల పైన. మలుపులు, ట్రేలు మార్చడం కలుపుకుని ఐదు గంటలు పట్టింది.

పదకొండో సాలు చివర, ఒడ్డు దగ్గర ఎప్పుడో కొట్టేసిన తుమ్మచెట్టు ఉంది. చెట్టు పోయినా వేర్లు పోలేదు. అక్కడ నేల దున్నలేదు, గట్టిగా ఉంది. సాలు తీసే నాగలి వేరు కింద దూరింది. నేను అది చూడలేదు. బాపు కూడా చూడలేదు, ఇంజిన్ పాటలో ఏ తేడా లేదు. టప్పు మని ఒక చప్పుడు, పెద్ద చప్పుడేం కాదు, అన్నం గిన్నె మూత జారినట్టు. బండి నిలబడిపోయింది. ఇంజిన్ మాత్రం ఏమీ కానట్టు టకటకమంటూనే ఉంది. ముందు చక్రాల వైపు చూశాను. రెండూ నేల మీదే ఉన్నాయి.

"డీజిల్ అయిపోయిందా?" అంది అమ్మ.

బాపు దిగాడు. ఇంజిన్ ఆపి, బోల్టు విప్పి, తెగిన రివిట్ ముక్కను అరచేతిలో వేసుకుని చూశాడు. నాగలిని వెనక్కి తీసి వేరు నరికాం, ఇంకో రివిట్ దోపాం. పది నిమిషాలు. అమ్మకు విషయం రాత్రి అన్నం తినేటప్పుడు చెప్పాను, లెక్కలు లేకుండా. "గందుకేనా బండి ముంగట రాళ్లు గట్టింది" అని, ఇంకా కొంచెం పప్పు వేసింది. మర్నాడు లేచి ఆవరణ ఊడ్చింది. మూడు రోజుల మంచం ఈసారి లేదు.

ఆ రోజు ఇంకో రెండు రివిట్లు తెగాయి, రెండూ అదే ఒడ్డున. చేను మధ్యలో ఒక్కటీ తెగలేదు. తెగిన చోట్లు బాపు గుర్తుపెట్టుకుని ఎండల్లో గడ్డపారతో వేర్లు తవ్వేశాడు. ఈ గేరులో చెయ్యకూడని పనులు బానెట్టు మీద పెయింట్‌తో రాయించాం: ట్రాలీ లాగొద్దు, బురదలో దిగబడ్డ బండిని గుంజొద్దు, కాలువ గట్టు ఎక్కొద్దు, దిగొద్దు. గట్టు దిగేటప్పుడు పిన్ను తెగితే ఇంజిన్ పట్టు ఉండదు, బ్రేకులే దిక్కు. రాయించిన వారానికే ఒకతను లారీ దిగబడిందని అడగడానికి వచ్చాడు. "నాలుగు రెట్లు తాకతంట గదా" అని. బాపు బానెట్టు చూపించాడు.

ఇప్పుడు ఎక్కువమంది అడుగుతున్నది రోటవేటర్ గురించి. మా దిక్కు నల్లరేగడికి మెల్లగా పోతూ రోటవేటర్ తిప్పితే మట్టి పిండి అవుతుంది. రోటరు అదే వేగంతో తిరుగుతూ బండి సగం వేగంతో పోతే, ఒక్కో కత్తి కొరికే ముక్క మందం సగమే కదా. కానీ మా పెట్టెతో అది కుదరదు. మేం గేర్‌బాక్స్‌కు ముందు పెట్టాం, మా ట్రాక్టర్‌లో పీటీవో కూడా ఆ పెట్టె వెనకాలే మొదలవుతుంది. క్రీపర్ వేస్తే చక్రంతో పాటు అదీ నాలుగో వంతుకు పడిపోతుంది. నిమిషానికి 540 తిరగాల్సింది 135 తిరుగుతుంది, కత్తులు మట్టిని కొయ్యవు, నిమురుతాయి. షెర్మన్ పెట్టెల్లోనూ ఇదే ఇబ్బంది ఉండేది. మొక్కలు నాటడానికి పీటీవోతో పనిలేదు కాబట్టి మాకు చెల్లింది. రోటవేటర్ కావాలంటే గేరును పీటీవో విడిపోయిన తర్వాత, వెనక చక్రాల వైపు పెట్టాలి. అక్కడ బలం ఇంకా ఎక్కువ, పళ్లు ఇంకా పెద్దవి కావాలి, అల్యూమినియం రివిట్‌తో పని జరగదు.

ఇదంతా పెద్దబాపుకు వివరంగా చెప్పి, కాదని ఒప్పించాను. వెనక నుంచి బాపు టేపు పట్టుకుని ట్రాక్టర్ కిందికి దూరాడు. గేర్‌బాక్స్ వెనక ఎంత చోటుందో చూస్తున్నాడట. నేను హైదరాబాద్ బస్సెక్కేసరికి చాచాకు ఫోన్ కూడా చేశాడు.